గద్దె కింది వరుసలు

ఆదివారం పొద్దున ప్రార్థన మందిరంలో చాపలు పరుస్తుంటే ఫోన్ మోగింది. సార్ భార్య. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. "తమ్మీ, సార్ పోయిండు. చాయ్ అడిగిండు. పెట్టుకొని వచ్చేవరకే కుర్సీల అట్లనే ఉన్నడు," అన్నది. ఏడవలేదు. ఏడుపుకు ముందుండే ఆ పొడి గొంతు నాకు తెలుసు. బొగ్గు బాయిలో ప్రమాదం జరిగిన రోజు మా కాలనీ ఇండ్లలో విన్నాను. అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ఎవరున్నారు, ఎవరెవరికి చెప్పాలి, ఎప్పుడు తీసుకెళ్తారు. నా నోటి నుంచి వచ్చింది మాత్రం ఒకటే. "అక్కా, మరి రాయి?"

తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క తప్పు పట్టలేదు. "రాత్రి పండుకునేటప్పుడు ఆయన గూడ గదే అడిగిండు తమ్మీ," అన్నది.

ఆ పూట నేను వాక్యం చెప్పలేదు. పాటలు పాడించి, ప్రార్థన చేసి, సంఘాన్ని పంపించి మంచిర్యాల బస్సెక్కాను.

సార్ ప్రసంగాలు విన్నవాళ్లు ఇది చదివేవారిలో కొందరుంటారు. విననివాళ్ల కోసం చెప్తున్నాను. సార్ సోషల్ టీచరు. చొప్పదండి దగ్గర భూములున్న ఇంట్లో పుట్టారు. ఖానాపూర్‌లో, మరో నాలుగైదు ఊళ్లలో పాఠాలు చెప్పి, రిటైరై మంచిర్యాలలో ఉన్నారు. అన్నదమ్ములు వ్యవసాయమూ వ్యాపారమూ చూసుకుంటే ఈయన రాళ్లూ పెంకులూ చూసుకున్నారు. ప్రతి రెండో శనివారం ఏదో ఒక ఊరిలో, ఏదో ఒక పాత రాతి దగ్గర నిలబడి ఆ ఊరివాళ్లకే ఆ ఊరి కథ చెప్పేవారు. హాలు అడగరు, స్టేజీ అడగరు. సాయంత్రం నాలుగు దాటాలంతే. "పొద్దు వాలితే ఎండ అడ్డంగ వడ్తది. అప్పుడు అక్షరాలు లేస్తయి," అనేవారు.

నాది బాయి పని. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా నా సంచిలో ఉండే గ్రంథమే. దాన్ని పట్టుకొని బజార్లలో, బస్టాండ్లలో వాక్యం చెప్పడం మొదలుపెట్టాను. చదువు చిన్నదైనా నోరు పెద్దది. సార్ నాకు ఆ నోటి వల్లనే పరిచయమయ్యారు.

బస్టాండు మూలన నేను మైకు పెట్టి చెప్తున్నాను. ఇరవై అడుగుల దూరంలో ఒక పెద్దమనిషి చేతిలో కుండపెంకు పట్టుకొని పది మందికి ఏదో చెప్తున్నాడు. నేను గుక్క తిప్పుకునేలోపు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"తమ్మీ, నీ దేవునికి చెవుడా?"

నాకు మండింది. దేవుడే చెవిని చేసినవాడని, మన నాలుక మీద పుట్టబోయే మాట కూడా ఆయనకు తెలుసని మైకులోనే గట్టిగా చెప్పాను. సార్ తల ఊపుతూ విన్నారు. "గంత మంచిగ ఇనవడ్తదంటే సౌండెందుకు మరి? జర తగ్గియ్యి. నాకున్నదే పది మంది, వాళ్లు గూడ పోతుండ్రు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మైకు ఆపేశాను. "ఆపుడు కాదు తమ్మీ, పది నిమిషాలు నాకియ్యి," అన్నారు.

ఇచ్చాను. ఆయన పెంకు పైకెత్తి చూపించారు. "ఇది గోదావరి ఒడ్డున దొరికింది. మన తాతల తాతల కంటె ముందు ఎవరో అవ్వ వండిన కుండ. అడుగున నల్లగున్నది జూడుండ్రి, పొయ్యి మసి." ఎవరో అడిగారు, ఆ రోజు ఆమె ఏం వండింది సార్ అని. "అది తెల్వదు. కని కుండ తోముడు కాడ బద్దకం జేసిందని మాత్రం తెలుస్తున్నది." నా పది మందీ ఆయన పది మందీ కలిసి నవ్వారు. అన్నేళ్లలో నేను ఒక్క గుంపునైనా అట్లా నవ్వించలేదు. ఏడిపించాను, వణికించాను.

తర్వాత రెండో శనివారాలు నా భుజాన స్పీకరు పెట్టె వేసుకొని సార్ వెంట వెళ్లడం అలవాటైంది. నేను జనాన్ని పిలుస్తాను, సార్ చెప్తారు. మా సంఘంలో ఒక పెద్దాయనకు ఇది నచ్చలేదు. "బ్రదర్, బొట్లు వెట్టిన రాళ్లకాడ నీకేం పని?" అని అందరి ముందే నిలదీశాడు. మన గ్రంథంలోనే నది దాటిన జనం నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి ఎందుకు నిలబెట్టారో చెప్పమన్నాను. రేపు పిల్లలు ఇవేం రాళ్లని అడిగితే జవాబు చెప్పడానికి కదా. ఆ జవాబు చెప్పేవాడు పక్కన లేకపోతే ఆ పన్నెండు కూడా వట్టి రాళ్లే కదా. ఆయన నోరు మూసుకున్నాడు గానీ మనసు మార్చుకోలేదు. అట్లా గెలిచిన వాదాలు నా బతుకులో చాలా ఉన్నాయి.

సార్ పద్ధతి వేరు. ఊరికి పోగానే రాతి చుట్టూ తానే ఊడ్చేవారు. సంచిలోంచి ప్లాస్టిక్ మగ్గు, మెత్తటి బ్రష్షు తీసి, నీళ్లు పోసి, పసిపిల్ల వీపు రుద్దినట్టు మెల్లగా రుద్దేవారు. తర్వాత అక్కడున్నవాళ్లలో అందరికంటే పెద్దవాళ్లను అడిగేవారు, "మీరు దీన్నేమంటరు?" వాళ్లు రాకాసి రాయి అన్నా, దొంగల రాయి అన్నా, భీముడు విసిరిండన్నా నోటుబుక్కులో రాసుకునేవారు. అది తప్పని తెలిసినా రాసుకునేవారు. ఆ తర్వాతే తన మాట. ఆ మాట కూడా ఎక్కడ ముగిసేదనుకున్నారు, తనకు తెలియనిదాని దగ్గర. "గిక్కడి నుంచి నాకు తెల్వదు," అని దండం పెట్టి దిగిపోయేవారు.

నాకు ఒళ్లు మండేది. "సార్, ప్రసంగం ఆఖర్ల తెల్వదంటే జనం లేచిపోతరు. ఆఖర్లనే గట్టిగ కొట్టాలె."

"కొట్టుడు నీ పని తమ్మీ. నాది సుద్దముక్క పని."

రాయి అబద్ధమాడదని ఒకసారి మైకులో అన్నాను. దిగగానే సార్ చెవి దగ్గరికి వచ్చారు. "రాయి గూడ అబద్ధమాడుతది. చెక్కించినోడు రాజైతే ఇంకింత ఎక్కువ."

ఇక ఆ రాయి సంగతి. ఊరి పేరు రాయను. వాళ్లను నవ్వులపాలు చేయడం నా ఉద్దేశం కాదు, తప్పు వాళ్లొక్కళ్లదే కూడా కాదు. చొప్పదండి వైపు ఒక చెరువు కట్ట చివర నిలువెత్తు రాయి ఒకటి ఒరిగి ఉంది. కింది భాగం మోకాటి లోతు మట్టిలో ఉంది. బర్రెలు గోక్కునేవి. సార్ కడిగి, ఎండ అడ్డంగా పడేదాకా ఆగి, వేలు రాతికి తగలకుండా గాలిలో నడిపిస్తూ చదివారు. రాజు పేరు. ఆ రాజు కింది సామంతుడి పేరు. వాళ్లు చెరువు తవ్వించిన సంగతి. ఆఖరి వరుస దగ్గర గొంతు మారింది. ఈ చెరువు నీళ్లు విడిచేవారికి ఇచ్చిన భూమి అని ఉంది. ఆ తర్వాత మట్టి.

నా వైపు తిరిగారు. మా తాత నీరటి అని ఆయనకు తెలుసు. చెరువు తూము దగ్గర కూర్చొని, ఏ మడికి ఎప్పుడు ఎంత నీళ్లు పోవాలో చూసే పని. మా తాత విడిచిన నీళ్లతో నాలుగు ఊళ్లు తిన్నాయి, ఆయన పేరు మాత్రం ఏ కాగితం మీదా లేదు.

"పైన రాజులున్నరు తమ్మీ. వాళ్లు అన్ని రాళ్ల మీద ఉంటరు. కింద ఉన్నోళ్లు గీ ఒక్క రాయి మీదనే ఉంటరు. నీ తాతసొంటోళ్ల పేర్లు ఉండొచ్చు. మూడు నాలుగు వరుసలు ఉండొచ్చు."

అప్పుడే తవ్వుదామని నేను పార అందుకోబోయాను. సార్ ఆపారు. ఒరిగిన రాయి, తాళ్లు కట్టకుండా మొదట్లో తవ్వితే మనుషుల మీద పడుతుంది. పైగా తవ్వాలంటే పురావస్తు ఆఫీసుకు చెప్పాలి. వచ్చే శనివారం పద్ధతిగా చేద్దామన్నారు. తనకు తెలియనిది చెప్పి, దండం పెట్టి ముగించారు.

అక్కడ నేను మైకు తీసుకున్నాను. ఇంత పెద్ద సంగతి అట్లా చప్పగా ముగియడం నా వల్ల కాలేదు. "గీ రాయి వడిపోయిన రోజు మీ ఊరి పేరు వడిపోతది. మీ తాతలు లేచొచ్చి మా సాక్ష్యం ఏదిరా అని అడిగితే ఏం జెప్తరు? గా రోజు మీ నోట్ల మన్ను వడ్తది," అన్నాను. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. ఒక ముసలాయన చెప్పులు విడిచి వచ్చి రాతికి నొసలు ఆనించాడు. నాకు గర్వంగా అనిపించింది. సార్ నా చొక్కా అంచు పట్టి లాగుతున్నారని తెలిసినా ఆగలేదు.

మరుసటి వారం సార్‌కు కంటి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మూడు వారాలు బయటికి వెళ్లొద్దన్నారు. మూడో వారం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. "సార్, శుక్రవారం ఓపెనింగ్. మీరే రావాలె."

వెళ్లాం. దారికి అడ్డంగా సార్ ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. కట్ట చివర రాయి నిటారుగా నిలబడి ఉంది. చుట్టూ నడుము ఎత్తు గద్దె. దానికి గులాబీ రంగు టైల్సు, పైన ఇనుప జాలీ. రాతికి పసుపు రంగు పెయింటు, అక్షరాల్లో ఎరుపు. మట్టిలో ఉన్న వరుసలు గద్దెలోకి పోయాయి. వాటి మీదున్న, సార్ చదివిన రెండు వరుసలు కూడా పోయాయి. రాయి పడిపోతుందని నేను భయపెట్టాను కదా. వాళ్లు పడిపోకుండా చేశారు. ఇంటికొకరు వచ్చి ఇటుకలు మోశారట.

సార్ మెడలో దండ వేశారు. ఆయన చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు. "ఊరు ఊరంత కలిసి ఒక రాయిని నిలవెట్టిండ్రు. నా సర్వీసుల గిసొంటిది సూడలే," అన్నారు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అన్నారు. నాకు అదే ఇంకా కాలింది.

బస్సులో అరిచాను. మూర్ఖులు అన్నాను, గుడ్డివాళ్లు అన్నాను. సార్ కిటికీ బయటికి చూస్తూ విన్నారు.

"తమ్మీ, భయపెడితే జనం మొక్కుతరు. సూడరు."

కిటికీ నుంచి నా వైపు తిరిగి, "నువ్వు భయపెట్టినవ్. నేను ఊకున్న. గా గద్దె మనిద్దరం కట్టిందే," అన్నారు.

యజమాని అప్పగించిన తలాంతు డబ్బును భయపడి భూమిలో పాతిపెట్టిన దాసుడి కథ మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. పళ్లు కొరికే చీకటి దాకా వాణ్ణి తరిమాను. వాడికి ఆ భయం నేర్పిన బోధకుడు ఎవరని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

అప్పటి నుంచి అర్జీలు. సార్ రాస్తారు, నేను పట్టుకొని పోతాను. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ ఫోటోలు కావాలన్నారు. ఫోటోలు ఇస్తే అక్షరాలు ఏవన్నారు. గద్దె కింద ఉన్నాయన్నాను.

"అంటే రాయి ఇప్పుడు సేఫ్‌గనే ఉన్నదా?" అని అడిగాడు టేబుల్ వెనక ఉన్నాయన.

"ఉన్నది."

"పూజలు గూడ అయితున్నయా?"

"అయితున్నయి."

"మరింకేం పరేషాన్ నీకు?"

అర్జీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. మైకు ముందు అయితే చెప్పేవాణ్ణి. సార్‌కు వచ్చి చెప్తే నవ్వి, ఇంకో తెల్లకాగితం తీశారు. ఆ ఓపిక చూస్తే నాకు ఆయన మీద కూడా కోపం వచ్చేది. పోయినవారి గురించి ఇట్లా రాయకూడదేమో. కానీ నిజం. మీకు టైం ఉన్నట్టు బతుకుతున్నారు సార్ అని ఒకసారి అనేశాను కూడా. ఆయనకు టైం లేదు. కుర్చీలో చాయ్ కోసం కూర్చున్నంత టైమే ఉంది.

గోదావరి ఒడ్డున దహనం అయింది. పదమూడో రోజు తర్వాత ఒక హాలులో సంతాప సభ పెట్టారు. ఎన్నడూ హాలు అడగని మనిషికి హాలు. చరిత్ర భీష్ముడన్నారు, నడిచే గ్రంథాలయమన్నారు. ఆశయాలు కొనసాగిస్తామన్నారు. నేను లేచి, "రేపు శనివారం నాతోని ఆ ఊరికి ఎవరొస్తరు?" అని అడిగాను. కొందరు ఫోన్లు చూసుకున్నారు. ఒకాయన చాలా మర్యాదగా, ఇది దానికి సందర్భం కాదు బ్రదర్ అన్నాడు. మరేది సందర్భమో చెప్పలేదు.

ఒక్కణ్ణే వెళ్లాను. మైకు తీసుకుపోలేదు. ఊరి పెద్దమనిషి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. సార్ పోయినందుకు నిజంగా బాధపడ్డాడు. గద్దె ముందు వైపు కొంచెం విప్పితే చాలని, కింద పేర్లున్నాయని, చూసి మళ్లీ కట్టిద్దామని చెప్పాను.

"సార్ వచ్చి చెప్తే ఇనేటోళ్లం. ఆయన లేకపాయె. నువ్వు చర్చి బ్రదర్వి. నువ్వొచ్చి గద్దె కూలగొట్టమన్నవని రేపు బయట తెలిస్తే ఏమైతది? నీకు మంచిది గాదు, మాకు మంచిది గాదు."

"కూలగొట్టుడు గాదన్నా. చూసుడు."

"నువ్వే అన్నవ్ గద, రాయి కదిలితే నోట్ల మన్ను వడ్తదని. మా ఆడోళ్లకు గా మాట ఇంక యాదికున్నది."

నేను అన్నది పడిపోతే అని. వాళ్లు విన్నది కదిలితే అని. ఎట్లా అన్నా నా మాటే. ముప్పై ఏళ్లుగా జనం నా మాట గుర్తుపెట్టుకోవాలని ప్రార్థించాను. ఆ పెద్దమనిషి ముందు కూర్చొని, ఈ ఒక్కటి మరచిపోతే బాగుండునని ప్రార్థించాను.

కట్ట మీదికి వెళ్తే గద్దె ముందు ఒక మేస్త్రీ కూర్చొని సిమెంటు మాల్ కలుపుతున్నాడు. గద్దె కట్టింది తనేనని చెప్పాడు. వానలకు గద్దె ముందు వైపు కింది టైలు ఊడింది, అతికించమన్నారట. సార్ పోయిన సంగతి అతనికి తెలుసు.

"ఓపెనింగ్ అయినంక వారానికి మల్లొచ్చిండు సారు. ఒక్కడే వచ్చిండు. ఇక్కడ కూసున్నడు," అన్నాడు.

ఆ సంగతి సార్ నాకు చెప్పలేదు. "ఏమన్నడు?"

"పని మంచిగ చేసినవన్నడు. మూలలు సాఫ్‌గ తీసినవన్నడు. లోపల ఏం నింపినవని అడిగిండు. కాంక్రీటా, మొరమా అని. మొరమే సారూ, కాంక్రీటుకు ఎక్కడికెల్లి తెస్తమన్న. గంతే. సారుకు పానం లేచొచ్చినట్టయింది. మొరమైతే బతికుంటరు అన్నడు. ఎవరు బతికుంటరు సారూ అంటే నవ్విండు."

మొరం అంటే ఎర్ర గులకమట్టి, కాంక్రీటులా అక్షరాలకు అంటుకోదు. నేను ఎందుకొచ్చానో, పెద్దమనిషి ఏమన్నాడో చెప్పాను. అతను తాపీతో బాండిలో మాల్ తిప్పుతూ విన్నాడు.

"గద్దె ముట్టద్దన్నరు, ముట్టం. ఊడిన టైలు అతికియ్యమన్నరు. అతికియ్యాలంటే ఎనక పాత సిమెంటు గీకాలె. గీకినప్పుడు ఒక ఇటుక వదులైతే నేనేం జేస్త?"

ఇటుక చాలా పద్ధతిగా వదులైంది. ఎర్రటి మొరం గుప్పెడు జారి బయటికి వచ్చింది. ఒక చెయ్యి పట్టేంత సందు. మేస్త్రీ రుమాలు పరిచి రాలిన మొరం దాని మీదికి తీశాడు, మళ్లీ నింపాలి కదా. తర్వాత పక్కకు జరిగాడు.

నేను కట్ట మీద బోర్లా పడుకొని చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతి దాకా పోయింది. చెంప టైల్సుకు ఆనింది. తడి మట్టి, చిన్న వేరు ఒకటి, తర్వాత రాయి. చల్లగా ఉంది. వేలి కొసలకు గాడి తగిలింది. గుండ్రంగా తిరిగి, కింద ఒక తోక, పైన చిన్న గీటు. దాని పక్కన ఇంకొకటి. పెయింటు లేదు, పసుపు లేదు. చెక్కినవాడు ఎట్లా వదిలేశాడో అట్లాగే ఉంది. నాకు ఆ లిపి రాదు. చదవగలిగిన మనిషి గోదావరిలో కలిసిపోయాడు. అది పేరో, భూమి కొలతో, శాపమో చెప్పడానికి నా దగ్గర ఏ వాక్యమూ లేదు.

"ఉన్నయా?" అని అడిగాడు మేస్త్రీ.

"ఉన్నయి."

"ఎవరియి?"

వేలు మొదటి అక్షరం దగ్గరికి తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఎండ అడ్డంగా పడుతున్నట్టుంది, వీపు మీద వెచ్చగా తగులుతోంది. వెనక తాపీ చప్పుడు ఆగింది.

"మాల్ గట్టివడ్తున్నది బ్రదర్."

"ఇంకొక్క వరుస."

మగ్గుతో నీళ్లు ముంచిన చప్పుడు వినిపించింది. బాండిలో నీళ్లు చల్లి, మాల్ మళ్లీ మొదటి నుంచి కలపడం మొదలుపెట్టాడు.